గోధుమ పడని వారి భోజనం – బస్తర్ చెప్పే పాఠం



ఆహారమే ఔషధం అని మన పెద్దలు అంటూ ఉంటారు. సీలియాక్ వ్యాధి విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. ఈ వ్యాధికి ఇప్పటికీ మందు బిళ్ళ లేదు, ఇంజెక్షన్ లేదు, ఆపరేషన్ లేదు. ఉన్న చికిత్స ఒక్కటే. గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాలు ఏ రూపంలోనూ నోట్లోకి పోకుండా జీవితాంతం జాగ్రత్త పడడం. చెప్పడానికి ఒక్క వాక్యమే కాని, ఆచరించాలంటే వంటగది గురించి, పిండిమర గురించి, సంతలో అమ్మే చిరుతిళ్ళ గురించి చాలా తెలిసి ఉండాలి. ఈ పాఠంలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తర్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ సంగతులు తెలుసుకుందాం.

బస్తర్‌నే ఎందుకు తీసుకోవాలి? అక్కడి సంప్రదాయ భోజనంలో గోధుమకు దాదాపు చోటు లేదు. వరి అన్నం, రాగి జావ, సామలు, అరికెలు అక్కడి వారి తిండి. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి డాక్టరు రాసిచ్చే ఆహార పట్టికకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది. అయినా అక్కడ కూడా జాగ్రత్త ఎందుకు అవసరమో అర్థమైతే, మన ఊళ్ళో ఎలా మెలగాలో కూడా అర్థమవుతుంది.

వ్యాధి ఎలా వస్తుంది?

గోధుమ పిండిని తడిపి పిసికితే ముద్ద సాగుతుంది. బియ్యప్పిండి అలా సాగదు. ఆ సాగే గుణం గ్లూటెన్ అనే ప్రోటీన్ల సముదాయం వల్ల వస్తుంది. చాలామందికి దానివల్ల ఏ హానీ లేదు. కొందరిలో మాత్రం శరీర రక్షణ వ్యవస్థ గ్లూటెన్‌ను శత్రువుగా భావించి, ఆ పోరాటంలో సొంత పేగునే గాయపరుస్తుంది.

చిన్నపేగు లోపలి గోడ మీద వేళ్ళలాంటి సన్నని నిర్మాణాలు ఉంటాయని మీరు జీవశాస్త్రంలో చదువుకున్నారు. వీటిని ఆంత్రచూషకాలు అంటాం. జీర్ణమైన ఆహారాన్ని రక్తంలోకి పీల్చుకునేవి ఇవే. సీలియాక్ వ్యాధిలో ఇవి కుంచించుకుపోయి గోడ చదునవుతుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఇనుము, కాల్షియం, విటమిన్లు శరీరానికి అందకుండా పోతాయి.

అందుకే లక్షణాలు కడుపుకే పరిమితం కావు. కొందరిలో విరేచనాలు, కడుపుబ్బరం, బరువు తగ్గడం కనిపిస్తాయి. కొందరు పిల్లల్లో ఎత్తు పెరగకపోవడం, యుక్తవయసు ఆలస్యం కావడం మాత్రమే ఉంటుంది. ఐరన్ మాత్రలు ఎన్ని వాడినా తగ్గని రక్తహీనత, తరచూ నోటిపూత, ఎముకల నొప్పి కూడా దీని గుర్తులు కావచ్చు. బయటికి ఏ లక్షణమూ లేనివారూ ఉన్నారు. డి.క్యు.2, డి.క్యు.8 అనే జన్యు రూపాలు ఉన్నవారికే ఈ వ్యాధి వచ్చే అవకాశం ఉంది. అయితే ఆ జన్యువులు ఉన్నవారిలో కొద్దిమందికే వ్యాధి వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తింటే ఒకరి నుంచి ఒకరికి సోకదు.

గోధుమే కారణమని ఎలా తెలిసింది?

1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ ఈ వ్యాధిని వివరంగా వర్ణించాడు. ఆహారం ద్వారానే ఇది నయం కావాలని కూడా ఊహించాడు. కాని ఏ ఆహారం మానాలో ఆయనకు తెలియలేదు. ఆ రహస్యం విప్పినవాడు విల్లెం డిక్ అనే డచ్ పిల్లల వైద్యుడు. గోధుమ మానితే పిల్లలు కోలుకుంటున్నారని ఆయన 1941 నాటికే రాశాడు. తరువాత రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో, హాలండ్‌లో తీవ్రమైన కరువు వచ్చింది. రొట్టె దొరకడం గగనమైంది. జనం ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు. మళ్ళీ రొట్టె రాగానే వారి జబ్బు తిరగబెట్టింది. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో డిక్ తన పరిశీలనలను వివరించాడు. ఈనాటి చికిత్సకు పునాది అదే.

అన్నం తినేవారికి రాదా?

ఉత్తర భారతదేశంలో జరిపి 2011లో ప్రచురించిన సర్వేలో సుమారు వంద మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నట్టు తేలింది. 2016లో ప్రచురితమైన మరో అధ్యయనంలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాలలో 23 వేల మందికి పైగా పరీక్షించారు. ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో, దక్షిణాదిన 0.10 శాతం మందిలో కనిపించాయి. రోజుకు సగటున తినే గోధుమ ఉత్తరాదిన 455 గ్రాములు, దక్షిణాదిన 25 గ్రాములు. గోధుమ వాడకంలో ఉన్న ఈ తేడా వ్యాధి తేడాకు ఒక ముఖ్య కారణమని పరిశోధకులు భావించారు.

దీన్నుంచి మనం గ్రహించవలసింది ఏమిటి? అన్నం తినే ప్రాంతాల్లో ఈ వ్యాధి తక్కువే కాని అసలు లేకపోలేదు. తక్కువగా కనిపించే జబ్బును గుర్తించడం ఆలస్యం కావచ్చు కూడా. పైగా తిండి అలవాట్లు మారుతున్నాయి. బస్తర్‌లోని బైలాడీలా ఇనుప గనుల వల్ల కిరందుల్, బచేలీ పట్టణాలకు దేశం నలుమూలల నుంచి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. విశాఖపట్నం వైపు నుంచి కొత్తవలస – కిరందుల్ రైలు మార్గం అక్కడికి వెళుతుంది. దక్షిణాన కోంటా, భోపాల్‌పట్నం ప్రాంతాల్లో తెలుగు మాట వినిపిస్తుంది. ఇందరు కలిసిన చోట వంటలూ కలుస్తాయి. బిస్కెట్లు, నూడుల్స్ పొట్లాలు మారుమూల సంతకు కూడా చేరుకున్నాయి.

బస్తర్ కంచంలో ఏముంది?

ముందుగా మేలైన సంగతి చూద్దాం. బస్తర్‌లో రాగులను మండియా అంటారు. రాగిపిండి, బియ్యపు నూకలతో కాచిన పలుచని జావ మండియా పేజ్. మన అంబలికి ఇది తోబుట్టువు. ఎండలో పనికి పోయేవారు ఎండిన సొరకాయ బుర్రలో దీన్ని నింపుకుని వెంట తీసుకుపోతారు. సామలను అక్కడ కుట్కీ అనీ, కోస్రా అనీ అంటారు. అరికెలు వారికి కోదో. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్న తినే బోరే బాసీ మన చద్దన్నమే. ఆమట్ అనే పుల్లని కూరను చిక్కబరచడానికి బియ్యప్పిండి కలుపుతారు. చీలా అనేది బియ్యప్పిండితో వేసే అట్టు. అయిర్సా మన అరిసెలాంటిది. ఎర్ర చీమలతో నూరే చాప్‌డా చట్నీలో కూడా ధాన్యం ఊసే లేదు.

వరి, రాగి, జొన్న, సజ్జ, మొక్కజొన్న, కొర్ర, సామ, అరికె – వీటిలో దేనిలోనూ సీలియాక్ రోగికి హాని చేసే గ్లూటెన్ లేదు. పప్పులు, కూరగాయలు, దుంపలు, పండ్లు, పాలు, గుడ్లు, చేపలు, మాంసం కూడా సహజంగా సురక్షితమే. అంటే ఈ రోగికి కావలసిన భోజనం ఖరీదైన దిగుమతి డబ్బాల్లో వెతుక్కోవలసిన పని లేదు. అది సంతలో గంపల్లోనే ఉంది. 2021లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం చిరుధాన్యాల కోసం మిల్లెట్ మిషన్ ప్రారంభించి, హైదరాబాద్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థతో ఒప్పందం చేసుకుంది. 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పంట ఇంటిదే, పేరే ప్రపంచానికి తెలిసింది!

ఒక హెచ్చరిక కూడా ఉంది. అరికెలను తడి తగిలేలా నిలవ చేస్తే బూజు పట్టి విషపూరితం కావచ్చు. ఇది గ్లూటెన్ సంగతి కాదు, ఎవరికైనా ప్రమాదమే. ఆరిన, శుభ్రమైన గింజనే వాడాలి.

గోధుమ మారువేషాలు

రొట్టె, పూరీ, బ్రెడ్ మానాలని అందరికీ తెలుసు. చిక్కంతా పేరులో గోధుమ అని లేని వాటితోనే.

మైదా గోధుమ నుంచే వస్తుంది. ఉప్మాకు వాడే బొంబాయి రవ్వ గోధుమే. ఇడ్లీకి వాడే బియ్యపు రవ్వ వేరు. రెండూ తెల్లగానే ఉంటాయి కాబట్టి డబ్బాలు మారకుండా చూసుకోవాలి. ఇడ్లీ మంచిదే కాని రవ్వ ఇడ్లీ కాదు. దోసె మంచిదే కాని రవ్వ దోసె కాదు. సేమియా పాయసం, రస్కులు, సమోసా, పరోటా పూర్తిగా మానవలసినవే. ఛత్తీస్‌గఢ్ పండుగ వంటల్లో ఖుర్మీ, గుల్‌గులా గోధుమపిండితో చేస్తారు. ఠేఠరీ శనగపిండితో చేస్తారు, కాని అదే మూకుట్లో అంతకుముందు ఖుర్మీ వేయించి ఉంటే ఆ నూనె పనికిరాదు. అన్నవరం సత్యదేవుని ప్రసాదం గోధుమ రవ్వతో చేసేది. ప్రసాదాన్ని కళ్ళకు అద్దుకుని ఇంట్లో మరొకరికి ఇవ్వడం అపచారమేమీ కాదు.

ఇంగువను మరింత జాగ్రత్తగా చూడాలి. బజారులో దొరికే ముద్ద ఇంగువ, పొడి ఇంగువలో అసలు ఇంగువ కొంతే. మిగిలినది పిండి, జిగురు. ఆ పిండి చాలాసార్లు గోధుమ లేదా మైదా. కాబట్టి సాంబారు, పులిహోర, ఊరగాయ, అప్పడం విషయంలో అడగక తప్పదు. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. మాల్ట్ అంటే సాధారణంగా మొలకెత్తించిన బార్లీ. కనుక మాల్ట్ పానీయాల పొడులు పనికిరావు. ఇంట్లో రాగులు మొలకెత్తించి చేసుకున్న రాగిమాల్ట్ మంచిదే. పొట్లంలో కొన్నదైతే అందులో ఇంకేం కలిపారో చదవాలి.

చిన్న పిల్లల విషయంలో మరొకటి. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలో గోధుమ ముఖ్య దినుసు. ఛత్తీస్‌గఢ్‌లో రెడీ టు ఈట్ పేరుతో ఇచ్చిన పోషకాహార మిశ్రమంలోనూ గోధుమ ఉంది. ఇవి మామూలు పిల్లలకు బలమైన ఆహారమే. సీలియాక్ ఉన్న బిడ్డకు మాత్రం అంగన్‌వాడీ కార్యకర్తతో మాట్లాడి గుడ్డు, అన్నం, పప్పు వంటివి ఇప్పించుకోవాలి.

చిటికెడు పిండి ఏం చేస్తుంది?

"కొంచెమే కదా, ఏం కాదు" అనే మాట ఈ వ్యాధిలో చెల్లదు. లెక్క చూడండి. 30 గ్రాముల గోధుమపిండితో చేసిన ఒక రొట్టెలో సుమారు రెండున్నర నుంచి మూడు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున కొన్ని నెలలు తింటే పేగు దెబ్బతింటుందని 2007లో ప్రచురించిన ఒక పరిశోధన చూపింది. అంటే రొట్టెలో యాభయ్యో వంతు చాలు! గోరంత ముక్క అన్నమాట. వెంటనే కడుపునొప్పి రాకపోయినా లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది.

ఆ గోరంత ముక్క ఎక్కడి నుంచి రావచ్చు? మొదటి చోటు పిండిమర. ఊళ్ళో మర ఒకటే. ఒకరి గోధుమలు ఆడిన రాళ్ళ మధ్యనే మన రాగులు పోస్తారు. రాళ్ళ సందుల్లో మిగిలిన గోధుమపిండి మన సంచిలోకి వస్తుంది. అందువల్ల ఈ రోగులు గుర్తుంచుకోవలసిన మొదటి సూత్రం: ధాన్యాన్ని పిండిగా కాక గింజగా కొనాలి. గింజైతే కంటికి కనిపిస్తుంది, ఏరవచ్చు, కడగవచ్చు, ఎండబెట్టవచ్చు. ఆ తరువాత ఇంటి తిరగలిలో విసురుకోవచ్చు, లేదా గోధుమ ఎన్నడూ వేయని మిక్సీలో పట్టుకోవచ్చు. పాతకాలపు తిరగలి ఇక్కడ ఆధునిక యంత్రం కంటే మేలు చేస్తుంది.

రెండో చోటు వంటగది. చపాతీ కాల్చిన పెనం మీదే దోసె పోయడం, పిండి జల్లెడ ఒకటే కావడం, చపాతీ పీట పక్కనే కూర మూత తీసి ఉంచడం, ఒకే గరిటెను రెండు గిన్నెల్లో తిప్పడం – ఇవన్నీ దారులే. గోధుమపిండి గాలిలో ఎగిరి పక్క గిన్నెల్లో పడుతుంది. అందుకని రోగికి ఒక పెనం, ఒక జల్లెడ, ఒక గరిటె వేరుగా ఉంచాలి. వారి వంట ముందు చేసి మూతపెట్టి, తరువాత చపాతీలు చేసుకోవాలి.

విందుల్లో బస్తర్ ఆచారం ఒకటి చక్కగా ఉపకరిస్తుంది. అక్కడ సాల వృక్షపు ఆకులతో కుట్టిన దొప్పల్లో, విస్తళ్ళలో వడ్డిస్తారు. తాజా ఆకుకు పాత పిండి అంటుకుని ఉండదు కదా!

హాస్టల్ విద్యార్థి ఏం చేయాలి?

జగదల్‌పూర్ హాస్టల్‌లో ఉండి చదువుకునే ఒక విద్యార్థినికి ఈ వ్యాధి ఉందని అనుకుందాం. మధ్యాహ్నం అన్నం, పప్పు. రాత్రి రొట్టె, కూర. ఉదయం ఒకరోజు పోహా, మరొకరోజు ఉప్మా. పోహా అంటే అటుకులు, అంటే వరి. కాబట్టి ఫరవాలేదు. ఉప్మా కూడదు. రాత్రి రొట్టెకు బదులు మధ్యాహ్నపు అన్నం తీసి ఉంచమనవచ్చు. ఇది వంటవారికి అదనపు ఖర్చు కాదు, ఒక మూతగిన్నె మాత్రమే అదనం.

అడగడానికి సిగ్గుపడకూడదు. డాక్టరు ఇచ్చిన చీటీ ప్రతిని వార్డెనుకు ఇవ్వాలి. వంటమనిషితో "అక్కా, నాకు గోధుమ విషంతో సమానం, నా గరిటె వేరుగా ఉంచు" అని ఆమెకు తెలిసిన భాషలో చెప్పాలి. గ్లూటెన్ అనే మాట ఆమెకు తెలియనక్కరలేదు, ఏ పిండి కూడదో తెలిస్తే చాలు. తోటి విద్యార్థుల బాధ్యత కూడా ఉంది. "ఒక్క బిస్కెట్టు తిను, ఏం కాదులే" అని బలవంతపెట్టడం స్నేహం కాదు. పెట్టెలో వేయించిన శనగలు, వేరుశనగలు, బెల్లం, మరమరాలు, అరటిపళ్ళు ఉంచుకుంటే ఆకలి వేళ తడుముకోనక్కరలేదు.

పొట్లం మీద ఏం చదవాలి?

మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం గ్లూటెన్ రహితం అని రాసిన ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. అంతర్జాతీయ ప్రమాణం కూడా అదే. గ్లూటెన్ ఉన్న ధాన్యం కలిస్తే ఆ సంగతి పొట్లం మీద ప్రకటించాలి. కాబట్టి ముందు దినుసుల జాబితా, తరువాత ఆ ప్రకటన చదవండి. దినుసులు రాయని పొట్లాన్ని అక్కడే వదిలేయడం మంచిది. ఓట్లలో దారిలో గోధుమ కలవడం చాలా మామూలు. గ్లూటెన్ రహితం అని ఉన్నవే, అవి కూడా డాక్టరును అడిగి తినాలి.

ముందు పరీక్ష, తరువాత పథ్యం

ఈ పాఠం చదివి అనుమానంతో రేపటి నుంచే గోధుమ మానేయకండి. వ్యాధిని గుర్తించేందుకు మొదట టి.టి.జి. అనే ప్రతిరక్షకాల కోసం రక్తపరీక్ష చేస్తారు. తరువాత అవసరాన్ని బట్టి ఎండోస్కోపీతో చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ముందే గోధుమ మానితే పేగు కోలుకోవడం మొదలై పరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చు. మామూలుగానే గోధుమ అరుదుగా తినే బస్తర్ వాసికీ ఇలా జరగవచ్చు. అందువల్ల వారానికి ఎన్నిసార్లు గోధుమ తింటున్నారో డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇంకో ముఖ్య విషయం. బస్తర్‌లో పాలిపోయిన బిడ్డ కనిపిస్తే కారణం సీలియాక్ అని తొందరపడకూడదు. పోషకాహార లోపం, కొంకి పురుగులు, మలేరియా, సికిల్ సెల్ వ్యాధి అక్కడ ఎక్కువ. 2023 జూలైలో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది కూడా ఇలాంటి ఆదివాసీ ప్రాంతాల కోసమే. వాటిని పరీక్షించాలి. అవి కావని తేలి, ఐరన్ మాత్రలు సరిగ్గా వాడినా రక్తం పెరగకపోతే, ఎదుగుదల ఆగితే, అప్పుడు సీలియాక్ పరీక్ష గురించి అడగాలి. జగదల్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల, రాయ్‌పూర్‌లో ఎయిమ్స్ ఉన్నాయి. ఒకరికి వ్యాధి తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవాలి. వారికి వచ్చే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ.

పథ్యం మొదలుపెట్టాక చాలామందికి కొన్ని వారాల్లోనే ఉపశమనం కనిపిస్తుంది. పేగు పూర్తిగా మానడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. ఒంట్లో బాగుందని మళ్ళీ గోధుమ మొదలుపెడితే కథ మొదటికి వస్తుంది. అలాగని తెల్లన్నం ఒక్కటే తింటే చాలదు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, అంతే బియ్యంలో సుమారు పది మాత్రమే. ఎముకలు బలహీనపడే ఈ వ్యాధిలో రాగి జావ విలువ దీన్నిబట్టి గ్రహించవచ్చు. దానికి పప్పు, ఆకుకూర, గుడ్డు లేదా చేప తోడైతే కంచం నిండినట్టే.

బస్తర్ చెప్పే పాఠం ఇదే. సురక్షితమైన భోజనం మన పొలంలో, మన సంతలో ఉంది. దాన్ని పొలం నుంచి కంచం వరకు కల్తీ లేకుండా తెచ్చుకోవడమే మన పని.

ఆలోచించండి, చేసి చూడండి

1. మీ ఇంట్లో వారం రోజుల వంటల జాబితా రాయండి. గోధుమ, బార్లీ ఉన్నవాటికి గీత గీయండి. ఇంగువ డబ్బా మీద దినుసులు చదవడం మరచిపోకండి.

2. మీ ఊరి పిండిమరకు వెళ్ళి ఒక రోజులో ఏయే ధాన్యాలు ఏ వరుసలో ఆడతారో గమనించండి.

3. మీ తరగతిలో ఒకరికి సీలియాక్ వ్యాధి ఉందనుకుని, విహారయాత్రకు అందరూ కలిసి తినగల భోజనాన్ని తయారుచేయండి. దానిలో గోధుమ ఉండకూడదు, రుచి తగ్గకూడదు!